రఖ్మాబాయి కాపురానికి వెళ్లలేదు

1887 మార్చి 4. బొంబాయి హైకోర్టు. జస్టిస్ ఫారన్ తీర్పు చెప్పాడు. ప్రతివాది నెల రోజుల్లోగా భర్త ఇంటికి కాపురానికి వెళ్లాలి. వెళ్లకపోతే ఆరు నెలలు జైలు.

ప్రతివాది వయసు ఇరవై రెండేళ్లు. పేరు రఖ్మాబాయి. ఆమె ఎవరి సొమ్మూ కాజేయలేదు, ఎవరినీ కొట్టలేదు, అప్పు ఎగ్గొట్టలేదు. పదకొండో ఏట పెద్దవాళ్లు చేసేసిన పెళ్లిని పెద్దయ్యాక తాను ఒప్పుకోనంది. ఆ భర్తతో ఆమె ఒక్కరోజు కూడా కాపురం చేయలేదు. ఆ ఇంటికి వెళ్లడం కంటే జైలుకు వెళ్లడమే మేలని తేల్చి చెప్పింది.

సరిగ్గా ఆరు రోజుల కిందట పుణెలో ఆనందీబాయి జోషి కన్నుమూసింది. అమెరికా వెళ్లి డాక్టరు పట్టా తెచ్చుకున్న ఆమెకు నిండా ఇరవై రెండేళ్లు లేవు. ఆ ఊరంతా ఆ దుఃఖంలో ఉంది. ఇక్కడ బొంబాయిలో అదే ఈడు ఆడపిల్లను జైలుకు పంపడానికి రంగం సిద్ధమవుతోంది. ఆ వారం మరాఠీ ఇళ్లలో పత్రిక చదివిన ఆడవాళ్లకు గుండె ఎంత బరువెక్కి ఉంటుందో!

ఈ కథ రఖ్మాబాయి తల్లి జయంతీబాయి దగ్గర మొదలవుతుంది. ఆమెకు పద్నాలుగేళ్లకు పెళ్లి, పదిహేనేళ్లకు బిడ్డ, పదిహేడేళ్లకు వైధవ్యం. భర్త జనార్దన్ పాండురంగ్ పోయేనాటికి చేతిలో రెండున్నరేళ్ల పిల్ల. వీళ్లది వడ్రంగం చేసే సుతార్ కులం. పై కులాల్లో లాగా వితంతువు మళ్లీ పెళ్లాడకూడదన్న కట్టడి అక్కడ లేదు. కొన్నేళ్ల తర్వాత జయంతీబాయి, భార్య పోయిన డాక్టర్ సఖారాం అర్జున్‌ను పెళ్లాడింది. ఆ పెళ్లికి ముందు మొదటి భర్త ఆస్తిని కూతురి పేరు మీదకు మార్చింది. తల్లి మనసుతో చేసిన పని అది. తర్వాతి గొడవలన్నింటిలో ఆ ఆస్తి మాట వినబడుతూనే ఉంటుంది.

సఖారాం అర్జున్ సామాన్యుడు కాడు. పేరున్న వైద్యుడు, వృక్షశాస్త్రం తెలిసినవాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీని 1883లో స్థాపించిన ఎనిమిది మందిలో ఉన్న ఇద్దరు భారతీయుల్లో ఒకడు. ఇంటినిండా పుస్తకాలు, వచ్చిపోయే సంస్కర్తలు. అలాంటి ఇంట్లో కూడా పిల్లకు పదకొండో ఏటే పెళ్లి చేశారు. వరుడు సఖారాంకు దగ్గరి బంధువు, పేరు దాదాజీ భికాజీ. వయసు పందొమ్మిది. పెళ్లికొడుకు బీదవాడు కాబట్టి ఇల్లరికం ఉంచుకుని చదువు చెప్పించి మనిషిని చేద్దామనుకున్నారు.

దాదాజీకి చదువు పట్టలేదు. పిల్ల పెద్దమనిషి అయ్యాక కార్యం జరిపించమని అతని వైపు వాళ్లు పట్టుబట్టారు. సఖారాం వైద్యుడు. పసి ఒంటి మీద కాపురం మోపితే ఏమవుతుందో రోజూ కళ్లారా చూసే మనిషి. కుదరదన్నాడు. దాదాజీ కొన్నాళ్లకు ఆ ఇల్లు వదిలి మేనమామ నారాయణ్ ధుర్మాజీ పంచకు చేరాడు. ఆరోగ్యం పాడైంది, అప్పులు మిగిలాయి.

రఖ్మాబాయి పుట్టింట్లోనే ఉండిపోయింది. పెళ్లితో బడి మానిపించారు. అయినా చదువు మానలేదు. మిషన్ లైబ్రరీ నుంచి తెప్పించుకున్న పుస్తకాలతో ఇంట్లోనే ఇంగ్లీషు నేర్చుకుంది. ప్రార్థనా సమాజం, ఆర్య మహిళా సమాజం సమావేశాలకు వెళ్లేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

పెళ్లయిన పిల్ల తొమ్మిదేళ్లు పుట్టింట్లో ఉంటే ఏం మాటలు వినాల్సి వస్తుందో తెలుగు ఇళ్లలో పుట్టిన వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. "ఎన్నాళ్లమ్మా ఇలా? మొగుడు ఎలాంటివాడైనా మొగుడే కదా. నాలుగు రోజులు సర్దుకుపోతే అన్నీ అవే సర్దుకుంటాయి" అని పసుపు కుంకాలకు వచ్చిన పిన్నిగారు అంటుంది. "మీ పిల్లను మీరే చెడగొడుతున్నారు వదినా" అని ఇంకొకరు తల్లితో అంటారు. భాష మరాఠీ కావచ్చు, బొంబాయిలోని గిర్గావ్ వీధి కావచ్చు, మాటలు మాత్రం ఇవే.

1884 మార్చిలో సఖారాం అర్జున్ పేరిట లాయర్ నోటీసు వచ్చింది. పంపింది చాక్ అండ్ వాకర్ అనే ఇంగ్లీషు వకీళ్ల సంస్థ. నా భార్యను నా దగ్గరకు రానివ్వకుండా అడ్డుకుంటున్నారు, ఆ పని మానుకోండి అని దాని సారాంశం. నోటీసు వచ్చింది మారుతండ్రి పేరున. ఆ ఇంట్లో ఒక మనిషి ఉందనీ, ఆమెకు తనదంటూ ఒక మాట ఉంటుందనీ రాసినవాళ్లకు తోచినట్టు లేదు. తర్వాత తీసుకుపోవడానికి దాదాజీ మనుషులు వచ్చారు. రఖ్మాబాయి వెళ్లనంది. అతను తనను పోషించే స్థితిలో లేడు, రోగిష్టి, ఉంటున్న మేనమామ ఇంటి నడవడి మంచిది కాదు అని కారణాలు చెప్పింది. అవన్నీ కోర్టు కోసం. అసలు మాట ఒక్కటే, నాకు ఊహ తెలియకముందు చేసిన పెళ్లికి నేను కట్టుబడను.

దాదాజీ హైకోర్టుకెక్కాడు. దావా పేరు దాంపత్య హక్కుల పునరుద్ధరణ. మన పల్లెల్లో దీన్నే కాపురానికి రప్పించే కేసు అంటారు.

ఈ దావా ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చూడాలి. ఇది మన ధర్మశాస్త్రంలోది కాదు. భార్య భర్త మాట వినాలని శాస్త్రాలు ఎన్ని రకాలుగానైనా చెప్పి ఉండవచ్చు గానీ, రాజు భటులను పంపి ఆమెను పడకగదికి చేర్చే ఏర్పాటు వాటిలో లేదు. ఇంగ్లండులో చర్చి కోర్టులు నడిపిన విచారణ ఇది. విడాకులు లేని క్రైస్తవ దేశంలో విడిపోయిన జంటను కలపడానికి పుట్టింది. 1867లో ప్రీవీ కౌన్సిల్ ఒక ముస్లిం దంపతుల కేసులో, ఇలాంటి దావాలు భారతదేశంలోనూ నడుస్తాయని చెప్పింది. 1882 సివిల్ ప్రొసీజర్ కోడ్ డిక్రీ ధిక్కరిస్తే జైలు లేదా ఆస్తి జప్తు అని రాసింది. రెండేళ్లకే, 1884లో, ఇంగ్లండ్ తన గడ్డ మీద ఈ జైలు శిక్షను ఎత్తేసింది. ఇక్కడ ఉంచింది. లండన్ భార్యకు లేని జైలు గిర్గావ్ భార్యకు మిగిలింది.

1885 ఏప్రిల్‌లో సఖారాం అర్జున్ చనిపోయాడు. ఇంటికి పెద్దదిక్కు పోయింది. రఖ్మాబాయి అప్పుడు కలం పట్టింది. జూన్ 26న టైమ్స్ ఆఫ్ ఇండియాలో 'ఒక హిందూ స్త్రీ' అన్న సంతకంతో బాల్యవివాహాల మీద ఒక లేఖ వచ్చింది. సెప్టెంబరులో వితంతువుల గురించి ఇంకొకటి. తన చదువును, తన బతుకును చిన్ననాటి పెళ్లి ఎలా తుంచేసిందో పేరు చెప్పకుండా రాసింది. అంతకు ఏడాది ముందే పార్సీ పాత్రికేయుడు బెహ్రాంజీ మలబారీ ఈ రెండింటి మీదా తన నోట్స్ అచ్చువేసి దేశమంతా చర్చ లేపాడు. అప్పటిదాకా ఆ చర్చలో మాట్లాడింది ఎక్కువగా మగవాళ్లే. ఈ లేఖతో, పెళ్లి జరిగిన పిల్లే నోరు విప్పింది. ఆ రెండు లేఖలు మన దేశంలో ఆడవాళ్లు రాసిన గొప్ప గద్యంలో నిలుస్తాయని నా నమ్మకం.

1885 సెప్టెంబర్ 21. జస్టిస్ రాబర్ట్ హిల్ పిన్హే ముందుకు కేసు వచ్చింది. రఖ్మాబాయి వైపు ఇన్వెరారిటీ, కాశీనాథ్ త్రయంబక్ తెలంగ్ లాంటి వకీళ్లు నిలబడ్డారు. వాళ్లు తమ వాదన పూర్తిగా వినిపించే అవసరమే పిన్హే రానివ్వలేదు. దావా కొట్టేశాడు. కలిసి బతికిన వాళ్లు విడిపోతేనే పునరుద్ధరణ అన్న మాటకు అర్థం ఉంటుంది, వీళ్లు ఎన్నడూ కలిసి బతకలేదు కదా అన్నాడు. పసితనంలో పెద్దలు ఆమె తరఫున చేసిన ఒప్పందాన్ని పెద్దయ్యాక ఆమె కాదంటోంది. ఇష్టం లేని మగవాడి దగ్గరకు ఆమెను బలవంతంగా పంపడం క్రూరం, అనాగరికం, రోత పుట్టించే పని అని కుండబద్దలు కొట్టాడు. హిందూ ధర్మంలో ఇలాంటి దావాకు ఆధారం కనబడదనీ, ఇంగ్లండ్ నుంచి తెచ్చిన ఈ విధానాన్ని ఇంత దూరం లాగననీ చెప్పాడు.

ఇంగ్లీషు జడ్జి హిందూ శాస్త్రాన్ని చూపి ఇంగ్లీషు చట్టాన్ని తోసిపుచ్చాడు. సంప్రదాయ వాదులు ఆ తీర్పు మీద మండిపడుతూ, హిందూ కుటుంబాన్ని కాపాడమంటూ ఇంగ్లీషు చట్టాన్నే శరణు జొచ్చారు. బాలగంగాధర్ తిలక్ పత్రికల్లో ఈ పిల్ల తిరుగుబాటు ఇంగ్లీషు చదువు ఫలమనీ, హిందూ ధర్మానికి ముప్పనీ రాశారు. స్వరాజ్యం కోసం జైలుకెళ్లిన మహానాయకుడు తిలక్. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఈ మాట చెప్పక తప్పదు, ఆ ఆడపిల్ల స్వేచ్ఛ ఆయనకు ఆనలేదు.

దాదాజీ అప్పీలు చేశాడు. 1886లో ప్రధాన న్యాయమూర్తి సర్ చార్లెస్ సార్జెంట్, జస్టిస్ బేలీ పిన్హే తీర్పును తిరగదోడారు. హిందూ వివాహం మంత్రాలతోనే పూర్తవుతుంది, కాపురం మొదలైందా లేదా అన్నది లెక్కలోకి రాదు, విచారణ మళ్లీ జరపండి అన్నారు. తిరిగొచ్చిన కేసు ఫారన్ ముందుకు వెళ్లింది. ఆయన చేతులు పైకోర్టు కట్టేసింది. అక్కడి నుంచి వచ్చిందే ఆ మార్చి 4 నాటి తీర్పు.

ఆ రోజుల్లో మన తెలుగు నేల ఎలా ఉండేదో చూస్తే రఖ్మాబాయి గుండె దిటవు ఇంకా బాగా తెలుస్తుంది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి ఆరేళ్లు కూడా కాలేదు. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లను విజయనగరం మహారాజా లెక్క తీయిస్తే 1,034 తేలాయి. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లు ఐదేళ్ల పిల్లలు, ముగ్గురు ఏడాది పాపలు. గురజాడ తన కన్యాశుల్కం నాటకం ఇంగ్లీషు పీఠికలో ఆ లెక్కను పొందుపరిచాడు. ఆ నాటకంలోని బుచ్చమ్మ కన్నీళ్లు మనకు తెలుసు. ఆ పాపల్లో ఎంతమంది కోర్టు మెట్లెక్కి నాకు వద్దనగలిగి ఉంటారు? వకీలును పెట్టుకునే ఆస్తి, చదివించిన మారుతండ్రి, అండగా నిలిచిన తల్లి. ఈ మూడూ ఉండబట్టే రఖ్మాబాయి గొంతు మనదాకా వచ్చింది. గొంతు రాని వాళ్లే లక్షల మంది.

తీర్పు తర్వాత ఊరు రెండుగా చీలింది. మలబారీ, తోటి సంస్కర్తలు రఖ్మాబాయి రక్షణ కమిటీ పెట్టారు. దాదాజీ కూడా ఊరుకోలేదు. తన వైపు కథ అచ్చువేయించాడు. తల్లి, తాత ఆస్తి పోతుందనే పిల్లను పంపడం లేదని అందులో ఆరోపించాడు. ఆమె దానికి జవాబు రాసింది. మొగుడూ పెళ్లాల తగువు పత్రికల్లో, కరపత్రాల్లో, లండన్ దాకా నడిచింది.

1888 జులైలో రాజీ కుదిరింది. రెండు వేల రూపాయలు పుచ్చుకుని దాదాజీ డిక్రీ అమలు కోరనని ఒప్పుకున్నాడు. విక్టోరియా రాణి కలగజేసుకుని పెళ్లి రద్దు చేసిందని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది, కానీ జరిగింది అది కాదు. సుధీర్ చంద్ర లాంటి చరిత్రకారులు కేసు కాగితాలన్నీ తిరగేసి చెప్పిన సంగతి ఇది. ఏ రాణీ విడిపించలేదు, ఏ కోర్టూ విడిపించలేదు. డబ్బు కట్టి జైలు తప్పించుకుంది, అంతే. పెళ్లి పెళ్లిగానే మిగిలింది. అప్పట్లో హిందువులకు విడాకుల చట్టం లేదు. దాదాజీ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మగవాడికి ఆ దారి ఉంది. ఆమెకు లేదు.

1889లో రఖ్మాబాయి వైద్యం చదవడానికి ఓడెక్కింది. కామా ఆసుపత్రి డాక్టర్ ఎడిత్ పీచీ ప్రోత్సాహం, తోటి వాళ్ల చందాలు తోడయ్యాయి. లండన్ మహిళా వైద్య కళాశాలలో చదివి, పరీక్షలు గట్టెక్కి, 1895లో తిరిగొచ్చి సూరత్‌లో ఆడవాళ్ల ఆసుపత్రి బాధ్యత తీసుకుంది. తర్వాత రాజ్‌కోట్. కలిపి మూడున్నర దశాబ్దాల వైద్యం. ఎన్ని పురుళ్లు పోసి ఉంటుందో, పదమూడేళ్లకే తల్లులైన ఎంతమంది పిల్లల చేయి పట్టుకుని ఉంటుందో! తాను తప్పించుకున్న బతుకే రోజూ మంచం మీద ఆమె ముందుకు వచ్చేది.

1904లో దాదాజీ పోయాడు. కబురు తెలిశాక రఖ్మాబాయి వితంతువుల తెల్లచీర కట్టిందని ఆమె జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఈ ఒక్క సంగతి దగ్గర చాలామంది ఆగిపోతారు. పదిహేడేళ్ల కిందట జైలుకైనా పోతాను గానీ ఆ ఇంటికి పోనన్న మనిషి ఎందుకు ఇలా చేసింది? లొంగిపోయిందా? నాకలా అనిపించదు. ఆ పెళ్లి తన చేతిలో లేకుండా జరిగింది, చట్టం దాన్ని తెంచనివ్వలేదు. ఆడవాళ్లు నమ్మి తలుపు తీయాల్సిన డాక్టరుగా సూరత్ ఇళ్లలో తిరగాలి. లోకం ఆమెను ఎలా చూస్తుందో ఆమెకు తెలుసు. బలవంతపు పెళ్లి ఆడదాన్ని మగవాడి చావు దాకా వెంటాడుతుందనడానికి ఇంతకంటే పెద్ద రుజువు నాకు దొరకలేదు.

ఆమె పోరాటం ఊరికే పోలేదు. ఆ కేసు రేపిన వేడి చల్లారకముందే కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పదీ పదకొండేళ్ల పిల్ల భర్త బలవంతానికి చనిపోయింది. పదేళ్లు దాటిన భార్య కాబట్టి అత్యాచారం కిందకు రాదని భర్తకు ఏడాది శిక్షతో సరిపెట్టారు. 1891లో సమ్మతి వయసు పదేళ్ల నుంచి పన్నెండుకు పెరిగింది. 1923లో కాపురానికి వెళ్లనన్నవాళ్లను జైలుకు పంపే నిబంధన పోయింది. 1929లో శారదా చట్టం ఆడపిల్లకు పద్నాలుగు, మగవాడికి పద్దెనిమిది అంది.

కానీ దావా పోలేదు. స్వతంత్ర భారతం హిందూ వివాహ చట్టం రాసుకుంటున్నప్పుడు లోక్‌సభలో ఆచార్య కృపలానీ లాంటి వాళ్లు ఇది వద్దని గట్టిగా వాదించారు. వినలేదు. 1955 మే 18న చట్టం వచ్చింది. అందులో 9వ సెక్షన్ దాంపత్య హక్కుల పునరుద్ధరణే. బొంబాయిలో తొంభై ఏళ్లు దాటిన ఒక వృద్ధురాలు అప్పటికి బతికే ఉంది. అదే ఏడు సెప్టెంబర్ 25న రఖ్మాబాయి కన్నుమూసింది. తాను ఏ చట్టం మీద పోట్లాడిందో ఆ చట్టం కొత్త దేశపు పుస్తకంలోకి ఎక్కాక నాలుగు నెలలు బతికింది.

ఇంగ్లండ్ 1970లో ఈ దావాను పూర్తిగా తీసిపారేసింది. మనం ఉంచుకున్నాం. ప్రత్యేక వివాహ చట్టంలో ఉంది, పార్సీల చట్టంలో ఉంది, క్రైస్తవుల విడాకుల చట్టంలో ఉంది.

దాన్ని తెలుగు నేల మీద ఒకసారి పడగొట్టారు. 1975లో తిరుపతిలో జరిగిందని చెప్పిన ఒక పెళ్లి అది. పెళ్లికూతురు హైస్కూల్ చదివే పదహారేళ్ల పిల్ల. పెళ్లయిన వెంటనే విడిపోయారు. పిల్ల తర్వాత పేరున్న సినీనటి అయింది. ఐదేళ్ల తర్వాత భర్త కాపురానికి రమ్మని కడప సబ్ కోర్టుకెక్కాడు. ఆ వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. 1983 జులై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. తన ఒళ్లు ఎవరు ఎప్పుడు తాకాలి, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయాన్ని స్త్రీ చేతి నుంచి లాక్కుని ప్రభుత్వం చేతికిస్తోంది ఈ సెక్షన్ అన్నారు. సరిత కేసు అని న్యాయవిద్యార్థులు ఇప్పటికీ చదువుకునే తీర్పు అదే. 1984 ఆగస్టులో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. కుటుంబం నిలబెట్టడమే సెక్షన్ ఉద్దేశమని, డిక్రీ కాదంటే ఆస్తి జప్తు మాత్రమే, ఒంటి మీద బలవంతం లేదు కదా అని చెప్పింది.

ఇవాళ ఫ్యామిలీ కోర్టు వరండాలో నిలబడితే ఈ సెక్షన్ అసలు రంగు కనబడుతుంది. భార్య మనోవర్తి అడిగిందా, అవతల కాపురానికి రమ్మని ఒక పిటిషన్ పడుతుంది. నేను పిలిచాను, ఆమే రాలేదు అనడానికి. ఇల్లు వదిలి వచ్చినందుకు సబబైన కారణం ఉందని రుజువు చేసుకునే బరువు వచ్చేసిన మనిషి మీదే పెడుతుంది చట్టం. డిక్రీ వచ్చి ఏడాది దాటినా కలవకపోతే అదే విడాకులకు మెట్టు. కలపడానికంటూ పెట్టినది విడదీయడానికి వాడుకుంటున్నారు. భార్యలూ వేస్తారు ఈ పిటిషన్, నిజమే. కానీ డిక్రీ పట్టుకుని ఇంటి గుమ్మంలోకి వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు, దెబ్బలు తినే భయం ఎవరికి?

2025 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు జార్ఖండ్ మహిళ ఒకరి కేసు వచ్చింది. భర్త 9వ సెక్షన్ కింద డిక్రీ తెచ్చుకున్నాడు. ఆమె వెళ్లలేదు కాబట్టి మనోవర్తి లేదని హైకోర్టు తేల్చింది. అత్తారింట్లో మరుగుదొడ్డి వాడుకోనివ్వలేదు, గ్యాస్ పొయ్యి ముట్టుకోనివ్వలేదు, గర్భం పోయినప్పుడు భర్త చూడ్డానికి రాలేదు అని ఆమె చెప్పింది. డిక్రీ ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదు, ఆమె ఎందుకు వెళ్లలేదో చూడాలని సుప్రీంకోర్టు చెప్పి నెలకు పది వేల రూపాయల మనోవర్తిని తిరిగి ఇప్పించింది. అసలు 9వ సెక్షన్‌నే కొట్టేయమని గాంధీనగర్‌లోని గుజరాత్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు 2019లో అదే కోర్టులో పిటిషన్ వేశారు. ఆ పిల్లలు అడిగింది రఖ్మాబాయి అడిగినదే, పిన్హే ఒప్పుకున్నదే, కడప కేసులో మన హైకోర్టు చెప్పినదే. ఆ సెక్షన్ పోవాలి.